వందకు ఇరవై మూడు

జూన్ 28, 2025

పని దొరికింది. పుణె నుంచి శుభం సర్ ఫోన్ చేసిండు, నా తర్జుమా పాస్ అయిందట. పరదేశం యూనివర్సిటీ వాళ్ల రీసెర్చ్, పుణె ఏజెన్సీ నడిపిస్తది, తెలుగు భాగం మొత్తం నాదే.

నెట్ మీద పైసలకు సర్వేలు నింపేటోళ్లను తీసుకుంటరు. దగ్గరి మనిషి సచ్చిపోయి ఏడాది దాటనోళ్లయి ఉండాలె. ఇరవై ఒక్క రోజులు, రోజూ ఫోన్ల మనసుల మాట రాయాలె. రాసినంక ఒక నంబరు కనవడ్తది, 'మనసు నిలకడ' అని, వందకు ఇంత. ఆ నంబరు ఉత్తదే. సగం మందికి ఎక్కువ, సగం మందికి తక్కువ, కంప్యూటర్ చిట్టీలు తీసినట్టు ముందుగాలనే రాసిపెడ్తది. నీది తక్కువ అని చెప్తే మనిషి దుఃఖం పెరుగుతదా తరుగుతదా, గదే చూడాలె వాళ్లకు. ఆఖరి రోజు అయినంక అసలు సంగతి చెప్పి మాఫీ అడుగుతరు.

నంబరు కింద అచ్చే వాక్యం మూడుసార్లు తిరగరాసిన. "మీ లాంటి నష్టం అయినవాళ్లు మీకంటె తొందరగ కోలుకుంటున్నరు." చదివితే నిజమనిపియ్యాలె అన్నడు సర్. ఆఖరికి "పర్ఫెక్ట్, అర్పితా" అన్నడు. సైకాలజీల ఎమ్మే చేసి రెండేండ్లు ఖాళీగ కూసున్న. ఆ ఒక్క మాటకు ఇయ్యాల అన్నం ఎక్కువ తిన్న.

నలభై మందిని నేనే పట్టియ్యాలె. మా నాందేడ్ పక్కన ఉమ్రి, బిలోలి, దెగ్లూర్ దిక్కు వాట్సాప్ గ్రూపులల్ల వేసిన. మా రూపాలి వదినెకు గూడ చెప్పిన. ఆమె చెల్లె సాయలి కామెర్లతోని పోయి నాలుగు నెలలైంది. అప్పటికెల్లి వదినె ఎవ్వరితోని సరిగ్గ మాట్లాడ్తలేదు. రాస్తేనన్న మనసు తేలికైతది. మంచికే చెప్పిన.

జూలై 1

మొదలైంది. వదినె గడప మీద కూసోని ఫోన్ల కొడుతున్నది. శానా రోజులకు ఆమె తనంతట తాను ఒక పని చేస్తుంటే చూసినమని అమ్మ సంబురపడ్డది.

జూలై 3

రాసినయన్ని నా దగ్గరికి పేర్లు కొట్టేసి, మనిషికో నంబరు తగిలిచ్చి అస్తయి. అందరు మా లెక్కనే మరాఠీ బడుల్ల చదివినోళ్లు, తెలుగు మాటను ఇంగ్లీషు అక్షరాలల్ల కొడ్తరు. నేను తెలుగుల రాసి, మల్ల ఇంగ్లీషు చెయ్యాలె. నాన్న బతికున్నప్పుడు పట్టువట్టి తెలుగు రాసుడు నేర్పిచ్చిండు, గదే ఇప్పుడు పనికచ్చింది.

ఇయ్యాల పదిహేడో మనిషి రాసింది: "దవాఖానల నా చెల్లె ఆఖరికి నన్ను గుర్తువట్టలే. బిడ్డకు చెప్పులు తొడిగిన్రా అని అడిగింది. బిడ్డ ఆడ లేనే లేదు. తొడిగినమని చెప్పిన."

ఆ మాట నేను చెవులార విన్న. ఆ మంచం పక్కన వదినెతోని నేనూ నిలవడి ఉన్న.

పదిహేడో మనిషి మా వదినె. తక్కువ నంబరు గుంపుల వడ్డది. ఇయ్యాల 31 అచ్చింది.

సర్‌కు చెప్పాలె. తెలిసినోళ్ల రాతలు చదవనని సంతకం చేసిన. చెప్తే వదినెను తీసేస్తరు. ఆమె రాసుకునుడు ఆగిపోతది, మల్ల గోడకు ముఖం పెట్టుకోని కూసుంటది. ఆమె కోసమే ఊకున్న.

జూలై 5

గజానన్ అచ్చిండు. సాయలి పెనిమిటి. ఉమ్రిల టెంపో నడుపుతడు, ఎరువు బస్తాలు వేస్కపోను నాందేడ్ అచ్చి మా ఇంటికచ్చిండు. పక్క సీట్ల వాళ్ల బిడ్డ ప్రాచి. మూడేండ్ల పొల్ల, జడ ఆయనే వేసినట్టున్నడు, ఒక దిక్కు ఊడిపోయి ఉన్నది.

చాయ తాగి గిలాస కింద పెట్టి, మా వదినెను చూసుకుంట చెప్పిండు. "వదినె, నేను బండి మీద తిరిగేటోన్ని. పొల్లను ఒకనాడు ఈ ఇంట్ల, ఒకనాడు ఆ ఇంట్ల ఇడిసి పోతున్న. భివండిల మా అక్క తీస్కపోతనంటున్నది. కానీ సాయలి ఉండి ఉంటే నీ తానకే పంపమంటుండె. నువ్వు పెంచుకుంటవా?"

అన్న ముందుగాల మాట్లాడిండు. "ఆమె ఇష్టం గజానన్. నాకైతే ఇంట్ల ఒక పొల్ల తిరుగుతుంటే మంచిగనే ఉంటది."

అమ్మ అప్పటికే ప్రాచి నోట్ల బెల్లం ముక్క పెట్టింది.

వదినె ఏమనలే. పొల్లను దగ్గరికి తీస్కోని ఊడిన జడ మల్ల వెయ్యవట్టింది. వేసుకుంట నవ్వింది. వదినె నవ్వితే కింది పెదవి ఒక పక్కకు పోతది, మరిచేపోయిన.

"తొందరేం లేదు," అన్నడు గజానన్. "నాగుల పంచమికి మా అక్క అస్తది. అప్పటిదాంక చెప్పుర్రి." ప్రాచిని మూడు దినాలు ఈడనే ఇడిసిపోయిండు.

జూలై 6

ఏకాదశి. అమ్మ ఉపాసం. ఆమె కోసం చేసిన సాబుదాన కిచిడి ప్రాచి తిన్నది. అన్న భుజం మీదికెల్లి దిగుతలేదు.

జూలై 7

పదిహేడో మనిషి: "నిన్న పొద్దుగూకంగ బిడ్డ అమ్మ కావాలని ఏడ్చింది. ఊకుంచాల్సింది పోయి నేనూ ఏడ్చిన. ఇద్దరం మస్తు ఏడ్చినం. తర్వాత బిడ్డ నా కొంగు పట్టుకోని నా నోట్ల బువ్వ పెట్టింది."

నంబరు 23. ఆ మాటలు చదివి ఇచ్చిన నంబరు కాదది. నేను తప్ప ఆ మాటలు ఎవరూ చదవలే.

జూలై 8

వదినె పప్పు మాడవెట్టింది. గజానన్ అచ్చి ప్రాచిని తీస్కపోయిండు.

జూలై 9

వంటింట్ల వదినె ఏదో అడిగింది. ఏదో చెప్పిన. పొద్దంత వాన.

జూలై 11

పదిహేడో మనిషి: "ఇరవై మూడు, పందొమ్మిది, ఇరవై ఒకటి. మిగతావాళ్లది డెబ్బై దాటుతున్నదని చూపిస్తున్నది. వాళ్ల ఇండ్లల్ల గూడ మనుషులు పోయిన్రు గదా. నేనే లోపల ఏదో ఇరిగి ఉన్ననేమో. బిడ్డ ముంగట ఏడ్చేది ఏం తల్లి? మా ఆడిబిడ్డను అడిగిన. ఆమె చదువుకున్నది. నాతోని అబద్ధం చెప్పది."

తర్జుమా చేసి పంపిన. 'ఆడిబిడ్డ' అన్న మాటకు ఇంగ్లీషుల సరైన మాట దొరకలే.

జూలై 12

ఆగలేక సర్‌కు ఫోన్ చేసిన. ఒక మనిషికి శానా తకలీఫ్ అయితున్నది, నంబరు చూసి తన జిందగీ సంగతి ఏదో ఫైసలా చేసుకునేటట్టున్నది అని చెప్పిన.

"ఎవరో నీకు తెలుసా?" అని అడిగిండు.

నేను మాట్లాడలే. ఆయనకు సమజ్ అయింది. మంచోడే శుభం సర్, ఆయనకు గూడ మీద ఎవరో ఉన్నరు.

"చూడు అర్పితా. తెలుసని నువ్వు చెప్తే నేను రాసి పైకి పంపాలె. నీ పని పోతది, నువ్వు చేసిన తెలుగు మొత్తం పక్కకు పడేస్తరు. తెలియదంటే, ఆమె నంబర్లల్ల ఒక నంబరే. సంతకం చేసే చేరింది. ఆఖరికి హెల్ప్‌లైన్ నంబరు గూడ ఇచ్చినం. ఇరవై ఒకటో తారీకు దాటంగనే నిజం చెప్తం గదా. ఇంక తొమ్మిది రోజులు."

లెక్క చూసుకున్న. ఇరవై రెండు నాడు నిజం తెలుస్తది. పంచమి ఇరవై తొమ్మిది నాడు. నడిమిట్ల వారం ఉన్నది. ఏం కాదు.

"నాకు తెల్వది సర్," అన్న.

జూలై 14

పదిహేడో మనిషి ఇయ్యాల రాయలే.

జూలై 15

గజానన్ అక్క పంచమి దాంక ఆగలే. భివండిల బాల్వాడి, చిన్నపిల్లల బడి, మొదలై నెల అయిందట, ఇప్పుడన్న చేర్పియ్యాలెనని నిన్ననే ఉమ్రికి దిగింది. గజానన్ పొద్దుగాల అచ్చి, "వదినె, ఇగ చెప్పాలె" అన్నడు.

నేను చాయ పోస్తున్న. వంటింట్లకెల్లి అన్నీ ఇనవడ్తున్నయి.

"తీస్కపొమ్మను," అన్నది వదినె.

అన్న నమ్మలే. "ఏంది రూపాలీ? మొన్న పొల్లకు మంచం ఎక్కడ వెయ్యాలె అని నువ్వే అడిగితివి గదా!"

"నాకు నిలకడ లేదు. ఏడుపు ఆగది. బిడ్డ ముంగట గూడ ఆగది. పరీక్షల గూడ అదే అచ్చింది. పెద్ద చదువులోళ్లు చూసి చెప్పిన్రు. నా బాధల దాన్ని ముంచుడెందుకు? మీ అక్కకు ముగ్గురు పిల్లలున్నరు, పెంచిన చెయ్యి."

"ఏం పరీక్ష? ఎవరు చూసిన్రు?" అన్నడు అన్న.

వదినె చెప్పలే. ఎవ్వరికి చెప్పద్దని ఆ ఫోన్ల రాసి ఉంటది. ఆ వాక్యం గూడ నాదే.

చాయ తీస్కపోయి ఇచ్చిన. గజానన్ తీస్కోలే. గడపల చెప్పులు తొడుక్కుంట, "సాయలి ఉంటే నిన్ను అడగకనే ఇడిసిపోతుండె," అన్నడు.

ఇంక ఆరు రోజులు.

జూలై 17

భివండిల తెలుగోళ్లు శానా మంది. ఇంటి పక్కనే దవాఖాన. గజానన్ అక్క మంచిదని అందరంటరు. పిల్లలల్ల పిల్ల కలిసిపోతది. ఈడ ఉంటే పొద్దంత పెద్దోళ్ల మొఖాలే చూడాలె. ఒక తీర్ల ప్రాచికి మంచిదే.

జూలై 18

ఒక తీర్ల మంచిదే.

జూలై 19

ప్రాచి, గజానన్ అక్క సాయంత్రం దేవగిరి రైలుకు పోయిన్రు. స్టేషన్‌కు వదినె రాలే. అన్న, నేను పోయినం. అమ్మ గారెలు చేసి డబ్బల పెట్టిచ్చింది.

చెప్దామనే పోయిన. గజానన్‌ను పక్కకు పిలిచి, అన్నా, రెండు రోజులు ఆగుర్రి, ఆ నంబరు ఉత్తదే అందామనుకున్న. ప్లాట్‌ఫారం మీద మాటలు సదురుకుంట నిలవడ్డ. బండి అచ్చింది. జనం తోసుకున్నరు. గజానన్ సామాను పైకి ఎక్కిచ్చిండు. ప్రాచి కిటికీ చువ్వల నడిమిట్ల ముక్కు పెట్టి, "పెద్దమ్మ ఏది?" అని అడిగింది.

"అస్తది," అని చెప్పిండు మా అన్న.

బండి పోయినంక అన్న బెంచీ మీద కూసోని జేబు రుమాలు తీసిండు. మా అన్న ఏడుస్తుంటే నాన్న పోయిన నాడు చూసిన, మల్ల ఇయ్యాల చూసిన. నా దిక్కు చూసి, "అర్పితా, నువ్వు చదువుకున్నవు గదా. నీ వదినెకు ఏం అయింది?" అని అడిగిండు.

తెల్వదన్న.

జూలై 22

అసలు సంగతి చెప్పే ఉత్తరం ఇయ్యాల పోయింది. నేనే తర్జుమా చేసిన. "మీకు చూపిన అంకెలు మీవి కావు. అవి మీ మనసును గాని మీ శక్తిని గాని కొలిచినవి కావు. మీకు కలిగిన బాధకు మన్నించండి."

ముప్పై ఒక్క మందికి పోయింది. ఇరవై ఒక్క రోజులు రాసినోళ్లకే పోతదట. నడిమిట్ల ఇడిసినోళ్లు తొమ్మిది మంది, పదిహేడో మనిషితోని కలిపి. వాళ్లకు ఏం పోదు.

సర్‌ను అడిగిన. "మానేసినోళ్లకు రాసే తొవ్వ ఆ సైటుల లేదు," అన్నడు. "మానుకున్నరంటే వాళ్లకు ఇష్టం లేదన్నట్టు. మనం ఎంబడి పడద్దు, అది గూడ రూలే."

వదినె ఫోన్ వంటింట్ల కిటికీల పెట్టి ఉన్నది. పొద్దంత చూసిన. మోగలే.

జూలై 23

ఈ నోట్‌బుక్కుల గూడ అబద్ధం రాసిన. తొమ్మిదో తారీకు జాగల ఏదో అడిగింది, ఏదో చెప్పిన అని ఉన్నది. ఏం అడిగిందో, ఏం చెప్పిన్నో నాకు ఒక్క అక్షరం మరుపు లేదు.

నేను ఉల్లిగడ్డలు కోస్తున్న. ఆమె బియ్యం కడుగుతున్నది.

"అర్పితా, నువ్వు మనసు చదువు చదివినవు గదా. ఎవరికి చెప్పద్దన్నరు గానీ, ఆ ఫోన్ల నాకు ఒక నంబరు అస్తున్నది. నిజంగ తెలుస్తదా వాళ్లకు?"

"పెద్ద యూనివర్సిటీ వదినె. చూసే చెప్తరు."

"ఇరవై మూడంటే శానా తక్కువనా?"

"కొంచెం తక్కువే."

ఆమె తల ఊపి, కడిగిన బియ్యం మల్ల ఒకసారి కడిగింది.

తెల్వది వదినె అని ఊకున్నా సరిపోతుండె. గది గూడ అనలే. ఎందుకు? పని పోతదని. 'పర్ఫెక్ట్' అన్న మాట పోతదని. ఇంక ఒకటున్నది. ఆమె రాసేటియి చదువుడు నాకు అలవాటైంది. పక్క అర్రల ఉండే మనిషి లోపల ఏముందో చదివి, సంకకు పిల్లను ఎత్తుకున్నట్టు దాన్ని ఎత్తుకోని తిరిగిన. చెప్తే అది ఆగిపోతదని ఊకున్న.

జూలై 24

చెప్పిన.

అన్న పనికి పోయిండు, అమ్మ పక్కింటికి పోయింది. వదినె మిద్దె మీద బట్టలు ఆరేస్తున్నది. ఎక్కి పోయి, ఆమె ముంగట నిలవడి, మొత్తం చెప్పిన. నంబరు ఉత్తదే అని. చిట్టీలు తీసినట్టు పంచిన్రని. ఆ వాక్యం రాసింది నేనే అని. తొమ్మిదో తారీకుకు గూడ నాకు తెలుసని.

తడి చీర చేతులనే ఉన్నది. నీళ్లు కారుతున్నయి. కోపం చేస్తదనుకున్న, కొడ్తదనుకున్న.

"నాయి చదివినవా?" అన్నది.

"ఆఁ."

"అన్నీ?"

"అన్నీ."

"చెల్లెను తిట్టుకుంట రాసింది గూడ?"

తలకాయ ఊపిన.

"అది నేను దేవునికి గూడ చెప్పలే అర్పితా," అన్నది. అని, ఆ చీరను మడతలు లేకుంట దండెం మీద సక్కగ ఆరేసింది. తర్వాత నా పక్కకెల్లి దిగిపోయి గజానన్‌కు ఫోన్ చేసింది. మెట్ల మీద నిలవడి విన్న.

"ఎవరో తప్పు చెప్పిన్రు గజానన్. నాకు ఏం కాలేదట. మంచిగనే ఉన్ననట. బిడ్డను నేను తెచ్చుకుంట."

ఆయన మాటలు బయటికి ఇనవడ్డయి. "ఆటబొమ్మనా వదినె? ఒకనాడు వద్దు, ఒకనాడు కావాలె. ఆడ బాల్వాడిల పేరు రాసిన్రు. మూడు రోజులు ఏడ్చి ఇప్పుడే తిండి తింటున్నది. మల్ల నువ్వు రేపు ఏమంటవో!"

నా పేరు చెప్తదనుకున్న. చెప్పలే. అన్నకు గూడ చెప్పలే. సాయంత్రం నేనే చెప్పిన. అన్న నన్ను చూడలే, గోడకు చూసిండు.

జూలై 29

పంచమి. వదినె గోరింటాకు పెట్టుకోలే.

ఆగస్టు 2

ఇకమతు చేసి, మాట దాసి బతికేది ఇగ చాలు అనిపిచ్చింది. చేరేటప్పటి కాగితం కింద ఫిర్యాదుకు ఒక ఈమెయిల్ పత్తా ఉంటది. పేరు పెట్టి మొత్తం రాసిన, వదినెను అడిగి. "నా పేరు రాయకు, నా రాతలు తీసెయ్యమని చెప్పు," అన్నది. గదొక్కటే మాట్లాడింది.

ఆగస్టు 5

మిగతా ఎనిమిది మంది ఎవరో నాకు తెల్వది. కానీ నలభై మందిని పట్టిచ్చింది నేనే, ఫోన్ నంబర్లు నా తానున్నయి. ఒక్కొక్కరికి చేసిన. నాకు ఆ హక్కు లేదు, తెలుసు.

కొందరు ఉత్తరం అచ్చిందన్నరు. కొందరు నవ్విన్రు, "మేం గా నంబరు ఎన్నడు చూడలే అక్కా, రాసి పెట్టేస్తుంటిమి" అని. మర్ఖేల్ నుంచి ఒకామె, పెనిమిటి పోయినామె, నడిమిట్ల రాసుడు ఇడిసినామె, మొత్తం ఇని, "అయితే నాది గూడ ఉత్తదేనా?" అని అడిగింది.

"ఆఁ అక్కా. మీరేం ఫికర్ చెయ్యకుర్రి."

"నాకు ఎనభై నాలుగు అచ్చిందమ్మా. నువ్వు గట్టిదానివి అని రోజూ చెప్తుండె. అది చూసుకునే పొద్దుగాల లేచి చేనుకు పోతున్న."

ఎక్కువ అచ్చినోళ్ల సంగతి ఒక్కనాడు గూడ నా తలకెక్కలే.

"మీరు గట్టోళ్లే అక్కా," అన్న.

"నీకెట్ల తెలుసు?" అని ఫోన్ పెట్టేసింది.

ఆగస్టు 12

జవాబు అచ్చింది. పదిహేడో మనిషి రాతలు తీసేసిన్రట. మానేసినోళ్లకు గూడ ఇగ ఉత్తరం పోయే తీర్గ చూస్తరట. తెలిసిన మనిషి రాతలు చదివినందుకు, అందరికి ఫోన్లు చేసినందుకు నన్ను పనికెల్లి తీసేసిన్రు. రెండూ నిజమే. శుభం సర్ ఒక మెసేజ్ పెట్టిండు: "నువ్వు నన్ను అడిగిన నాడు నేను సరిగ్గ చెప్పలే." జవాబు రాద్దామని ఫోన్ తీసి, మల్ల పెట్టిన.

ఆగస్టు 17

అన్న, వదినె భివండి పోయి అచ్చిన్రు. ప్రాచి లేదు.

పోయినంక మొదలు పొల్ల సిగ్గువడి మేనత్త ఎనక దాక్కున్నదట. సాయంత్రానికి వదినె ఒళ్లెకచ్చి, బాల్వాడిల నేర్చిన మరాఠీ పాట పాడిందట. మేనత్త బిడ్డల నడిమిట్ల ఒకే పళ్లెంల తింటున్నదట. గజానన్ అక్క మంచిదే, "నువ్వు కావాలంటే తీస్కపో రూపాలీ, నేను అడ్డం రాను" అన్నదట.

"మరి ఎందుకు తేలే?" అని అమ్మ అన్నను అడిగింది.

"ఆమెనే వద్దన్నది. ఒకసారి పీకి నాటిన్రు, ఇప్పుడిప్పుడే నిలుస్తున్నది, మల్ల పీకితే పొల్ల ఆగమైతది అన్నది. బండి ఎక్కేదాంక కండ్ల నీళ్లు పెట్టలే. ఎక్కినంక ఆగలే."

సాయంత్రం వదినె అర్రల కూసోని మెంతికూర తెంపుతున్నది. నేను పోయి ఎదురుంగ కూసోని ఒక కట్ట తీస్కున్న. నెల కావచ్చింది మేమిద్దరం ఎదురెదురు కూసోక.

"ఒకటి అడుగుత అర్పితా," అన్నది.

"అడుగు వదినె."

"తెచ్చుకోని ఉంటే, నేను మంచిగ పెంచేదాన్నేనా?"

"పెంచేదానివి. మస్తు మంచిగ పెంచేదానివి."

తెంపుడు ఆపి నా మొఖం దిక్కు చూసింది. కోపంగ కాదు. దవాఖానల డాక్టర్ మాట చెప్పినంక ఆయన కండ్లల్ల ఇంక ఏమన్న ఉన్నదా అని చూస్తం చూడు, గట్ల చూసింది.

"నిజమే చెప్తున్నవేమో," అన్నది. "కానీ ఆ నాడు గూడ నీ మొఖం గిట్లనే ఉండె."

మల్ల కూర తెంపవట్టింది. నేను లేవలే. ఆమె గూడ లేచి పొమ్మనలే.